సోంపేట అమ్మాయి ప్రశ్నకు జవాబు: పర్యావరణ రిమోట్ సెన్సింగ్ చదవవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెబుతాను. మీది సోంపేట దగ్గర పల్లె. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్స్‌తో డిగ్రీ ఈ ఏడాది పూర్తవుతోంది. పర్యావరణ రిమోట్ సెన్సింగ్‌లో, అంటే ఉపగ్రహ చిత్రాలతో నేలను, నీటిని, పంటలను చదివే శాస్త్రంలో, పీజీ చేయాలని ఉంది. ఇంట్లో మాత్రం బ్యాంకు పరీక్షలకు తయారవమంటున్నారు. లెక్కలు, కోడింగ్ ఎంత రావాలి, ఎక్కడ చదవాలి, ఉద్యోగం దొరుకుతుందా, ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఉపగ్రహంతో కనిపెట్టవచ్చా అని నాలుగు అడిగారు. నాలుగో ప్రశ్న కోసమే మీకు ఈ చదువు మీద మనసు పోయిందనిపిస్తోంది. దానికి కాస్త నిదానంగా జవాబు చెప్పాలి కాబట్టి చివరికి ఉంచాను.

నాది విజయనగరం జిల్లా, చీపురుపల్లి వైపు. విశాఖపట్నంలో చదువుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఉపగ్రహ చిత్రాలతో పంటల విస్తీర్ణం, చెరువుల నీరు, తుపాను నష్టం అంచనా వేసే పనిలోనే ఉన్నాను. ఈ చదువు చదవండి అనే నేను చెబుతాను. ఎందుకంటే ఇందులో అన్నిటికంటే కష్టంగా అబ్బేది మీకు ఇప్పటికే ఉంది. ఏ నెలలో ఏ పొలం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మిగిలినవి తరగతి గదిలో నేర్పుతారు. ఇది నేర్పేవాళ్లు తక్కువ.

మన దేశంలో ఈ శాస్త్రం కొబ్బరి చెట్టు దగ్గరే మొదలైందని మీకు తెలిస్తే సంతోషిస్తారు. 1970 ప్రాంతంలో పిషరోత్ రామ పిషారోటి బృందం కేరళలో హెలికాప్టర్ ఎక్కి, కొబ్బరి తోటలను పరారుణ ఫిల్ముతో ఫొటోలు తీసింది. తెగులు సోకిన చెట్లు కంటికి మామూలుగానే కనిపిస్తున్నా ఆ ఫిల్ములో వేరుగా తేలాయి. తర్వాత 1988 మార్చి 17న మన మొదటి పూర్తిస్థాయి రిమోట్ సెన్సింగ్ ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఎ బైకనూర్ నుంచి వెళ్లింది. దాని ఒక కెమెరాలో ఒక పిక్సెల్, అంటే చిత్రంలోని అతి చిన్న గడి, నేల మీద 72.5 మీటర్ల చదరం. మన లెక్కలో ఎకరం ముప్పై సెంట్లు. ఇప్పుడు ఐరోపావాళ్ల సెంటినెల్-2లో పిక్సెల్ 10 మీటర్లు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై పిక్సెళ్లు. అమెరికావాళ్ల లాండ్‌శాట్‌లో 30 మీటర్లు, అంటే ఇరవై రెండు సెంట్లు. పుస్తకంలో పిక్సెల్ పరిమాణం మీటర్లలో చెబుతారు. మీరు దాన్ని సెంట్లలోకి మార్చుకుని చూడండి. ఏ పొలానికి ఏ ఉపగ్రహం సరిపోతుందో వెంటనే తెలుస్తుంది. పది సెంట్ల మడిని లాండ్‌శాట్‌లో వెతకడం వృథా అని అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక చిత్రం ఎలా చదువుతామో ఒక్క ఉదాహరణతో చెబుతాను. ఊడ్పులు అయిన వారానికి మడిలో ఎక్కువగా ఉండేది నీరు, బురద. నెల దాటేసరికి దుబ్బు కట్టి నీటిని కప్పేస్తుంది. పొట్టదశకు పొలమంతా చిక్కటి పచ్చన. తర్వాత పండుబారుతుంది. ఉపగ్రహం చూసేది ఈ మార్పునే. ఆకులోని పత్రహరితం ఎరుపు వెలుగును పీల్చుకుంటుంది. ఆకు లోపలి కణాల అమరిక మాత్రం మన కంటికి ఆనని సమీప పరారుణ వెలుగును బాగా వెనక్కి చిమ్ముతుంది. పచ్చని వరి మీద పడిన పరారుణంలో 40 శాతం, ఎరుపులో 5 శాతం తిరిగి వచ్చాయనుకోండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే 0.78 వస్తుంది. దున్ని వదిలేసిన నేలలో 25, 18 వచ్చాయనుకుంటే 0.16. నీటికి సాధారణంగా సున్నా కంటే తక్కువ. ఎన్‌డీవీఐ అని అందరూ చెప్పుకునే సూచిక ఇదే. ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. దాన్ని నమ్మాల్సింది ఎప్పుడు, నమ్మకూడనిది ఎప్పుడు అన్నది తెలియడానికి ఏళ్లు పడుతుంది.

ఒకసారి టెక్కలి ప్రాంతంలో ఖరీఫ్ పంట మీద పనిచేస్తున్నాం. జూన్ చివరికి కొన్ని పొలాలు బాగా పచ్చబడ్డాయి. జూలైలో ఒక్కసారిగా పచ్చదనం పడిపోయి నీరు కనిపించింది. మా ప్రోగ్రాం వాటిని ‘పంట మునక’ అని ఎర్ర రంగులో చూపింది. ఆ మ్యాపు అచ్చువేసుకుని ఊరికి వెళ్లాం. చేతిలో జీపీఎస్ పట్టుకుని గట్టు మీద నిలబడితే, ఒక పెద్దాయన వచ్చి, “కొలతలా బాబూ? ఏ కంపెనీకి?” అని అడిగారు. ఆ గొంతులో భయం ఉంది. మన జిల్లాలో భూమి కొలిచేవాళ్లను చూస్తే ఆ భయం ఎందుకు పుడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గట్టు మీద కూర్చుని, కాగితం పరిచి, ఇది మీ చెరువు, ఇది గుడి, ఇది రోడ్డు అని చూపించాను. ఆయన వేలు పెట్టి ఒక్కొక్క మడి గుర్తుపట్టారు. ఎర్రగా ఉన్నవి మునిగాయా అని అడిగితే, “మునగడమేమిటి? అది జీలుగు. పూతకు రాగానే దున్ని కలిపేసి, దమ్ము చేశాం” అన్నారు. పచ్చిరొట్ట ఎరువు! వరికి బలం కోసం రైతు కావాలని దున్నిన జీలుగును మేము నష్టంగా లెక్కగట్టాం. ఆ మ్యాపు అలాగే పైకి పంపి ఉంటే ఎవరెవరి లెక్కలు తారుమారయ్యేవో ఆలోచించండి.

మీరు ఆ మ్యాపు చూసి ఉంటే, జూన్‌లో ఆ పచ్చదనం వరి కాదని ఆఫీసులోనే చెప్పేవారు. అందుకే మీకు ఇది నప్పే చదువని అంటున్నాను. మన వైపు ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. వరి కోతకు ముందే తడి మీద మినుములు, పెసలు చల్లుతాం కదా, ఏడాది పొడవునా పచ్చదనాన్ని గీతగా గీస్తే అది రెండో మూపురంలా కనిపిస్తుంది. సంగతి తెలియనివాళ్లు దాన్ని రెండో వరి అనుకుంటారు. గుర్రపు డెక్క కమ్ముకున్న చెరువు పంట పొలంలాగే పచ్చగా చూపిస్తుంది. మీ సోంపేట బీలనే తీసుకోండి. వానాకాలంలో నీరు, తర్వాత పచ్చిక, ఎండాకాలంలో కొంత భాగం బీడులా ఉంటుంది. మే నెల చిత్రం ఒక్కటే చూసి పనికిరాని భూమి అని రాసేవాడికీ, పన్నెండు నెలలూ చూసి ఇది తడినేల అని రాసేవాడికీ మధ్య ఎంత తేడా ఉందో మీ ఊరివాళ్లకు బాగా తెలుసు. 2010లో అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జరిగిన పోరాటంలో కాల్పుల దాకా వెళ్లిన గొడవకు మూలం ఆ నేల బీడా, బీలా అన్నదే. ఒక్క తేదీ చిత్రంతో ఏ నేల గురించీ తీర్పు చెప్పకండి.

ఇప్పుడు తిత్లీ తుపాను సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటినప్పుడు మీరు చిన్నపిల్ల అయి ఉంటారు. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. తుపానుకు ముందు, తర్వాత చిత్రాలు పక్కపక్కన పెడితే ఉద్దానం మీద పచ్చదనం పడిపోవడం స్పష్టంగా తెలుస్తుంది. కానీ తర్వాతి వానాకాలానికి ఆ సూచిక చాలాచోట్ల మళ్లీ పైకి వచ్చింది. తోటలు కోలుకున్నాయని రాసేయవచ్చు. కొందరు విద్యార్థుల ప్రాజెక్టుల్లో అలా రాసి ఉండటం చూశాను. నిజానికి కూలిన కొబ్బరి కింద వెలుతురు పడి గడ్డి, పొదలు, అంతరపంటలు ఎగదన్నాయి. పచ్చదనం వాటిది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఐదారేళ్లకు తక్కువ పట్టదు. చెట్టుకూ చెట్టుకూ ఇరవై ఐదు అడుగులు పెడతాం కాబట్టి ఒక సెంటినెల్ పిక్సెల్‌లో నిండా రెండు చెట్లు కూడా పట్టవు. మిగిలిన జాగా అంతా కింద పెరిగినదే. రైతు ఆదాయం పోయి ఏళ్లు గడుస్తున్నా, ఉపగ్రహం అంతా బాగుందని చెబుతుంది. ఇక్కడ తప్పు ఉపగ్రహానిది కాదు. దాన్ని మనం అడిగిన ప్రశ్నే తప్పు. పచ్చదనం ఎంత అని అడిగి, తోట ఎలా ఉందన్న ప్రశ్నకు జవాబు వచ్చిందనుకున్నాం.

మీరు ప్రాజెక్టు మొదలుపెడితే మొదట్లోనే తగిలే రెండు మూడు గుంటలు ఉన్నాయి. పుస్తకాల్లో వీటికి ఒక్క వాక్యం కూడా ఉండదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

84 డిగ్రీల తూర్పు రేఖాంశం శ్రీకాకుళం జిల్లా మధ్యలోంచి పోతుంది. చిత్రాలు, మ్యాపులు ఎక్కువగా వచ్చే యూటీఎం పద్ధతిలో భూమిని నిలువు పట్టీలుగా విడదీస్తారు; అందులో అదే 44, 45 మండలాలకు (జోన్లకు, మన రెవెన్యూ మండలాలు కావు) సరిహద్దు. శ్రీకాకుళం పట్టణం, విజయనగరం 44లో ఉంటాయి. కళింగపట్నం, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45లో ఉంటాయి. కొత్తలో నేను టెక్కలి దగ్గర జీపీఎస్‌తో తీసిన బిందువులను 44వ మండలం అని చెప్పి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. టెక్కలి పొలాలు వెళ్లి నిజామాబాద్ దగ్గర పడ్డాయి. అంత దూరం పోయాయి కనుక తప్పు వెంటనే దొరికింది. అంతకంటే ప్రమాదం, రెండు మండలాల చిత్రాలను చూసుకోకుండా అతికించి విస్తీర్ణం లెక్కపెట్టడం. జిల్లా మొత్తానికి ఒకటే మండలం ఎంచుకుని, అన్నిటినీ దానిలోకి మార్చుకోండి. 44ను ఇచ్ఛాపురం దాకా సాగదీస్తే ఆ చివర వెయ్యి హెక్టార్లకు సుమారు మూడు హెక్టార్ల తేడా వస్తుంది. అది కూడా వద్దనుకుంటే విస్తీర్ణం చెడని ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా మార్చే పద్ధతి) వాడండి. ఏది వాడారో రిపోర్టులో రాయండి.

రెండోది సెంటినెల్-2 చిత్రాలది. 2022 జనవరి 25 నుంచి వచ్చే చిత్రాల్లో ప్రతి పిక్సెల్ అంకెకు 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేశాకే 10,000తో భాగించి, వెలుగులో ఎన్నో వంతు తిరిగి వచ్చిందో లెక్కకట్టాలి. తీయకపోతే ఏమవుతుందో చూడండి. పైన చెప్పిన వరికే పరారుణం 4000, ఎరుపు 500 ఉండాల్సిన చోట 5000, 1500 అవుతాయి. సూచిక 0.78కి బదులు 0.54 వస్తుంది. 2018కీ, 2023కీ పోల్చిన విద్యార్థి “మా మండలంలో ఐదేళ్లలో పచ్చదనం బాగా తగ్గిపోయింది” అని రాసి, దానికి కారణాలు కూడా వెతుక్కుంటాడు. ఏ చెట్టూ పోలేదు, తీసివేయాల్సిన ఒక అంకె ఉండిపోయిందంతే. ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్‌లోనే లెక్కగట్టే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో దీన్ని సరిచేసి పెట్టిన చిత్రాల వరుస వేరుగా ఉంది, అదే వాడండి.

మూడోది 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల విభజన. పాలకొండ, సీతంపేట వైపు కొండలు పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. రాజాం వైపు మండలాలు విజయనగరంలో కలిశాయి. పాత సరిహద్దుతో ఒక ఏడాదికి, కొత్త సరిహద్దుతో మరో ఏడాదికి లెక్కగడితే శ్రీకాకుళం అడవి రాత్రికి రాత్రి మాయమైనట్టు తేలుతుంది. ఇది మరీ చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ అచ్చయిన వ్యాసంలో కూడా చూశాను.

మబ్బుల గురించి కూడా ఒక మాట. మనకు పంట ఉండేది వానాకాలంలో, చిత్రం దొరకనిదీ అప్పుడే. జూలై నుంచి అక్టోబరు దాకా ఉదయం పదిన్నర ప్రాంతంలో ఉపగ్రహం వచ్చే వేళకు మబ్బు పట్టే ఉంటుంది. అందుకే రాడార్, అంటే ఉపగ్రహమే తరంగం పంపి తిరిగి వచ్చినదాన్ని కొలిచే పద్ధతి, తప్పనిసరిగా నేర్చుకోండి. చాలామంది విద్యార్థులు కష్టమని దాన్ని వదిలేస్తారు. సెంటినెల్-1 రాడార్ తరంగం ఐదున్నర సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. మబ్బును దాటి వస్తుంది, రాత్రయినా పనిచేస్తుంది. నిశ్చలమైన నీరు అద్దంలా తరంగాన్ని అవతలికి నెట్టేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. వంశధారకు, నాగావళికి వరద వచ్చినప్పుడు ఏ ఊరి పొలాలు మునిగాయో మబ్బుల్లోనూ చెప్పగలిగేది దీనితోనే. అయితే గాలికి నీరు అలలు కడితే నలుపు పోతుంది, ఎత్తుగా పెరిగిన పైరు మధ్య నిలిచిన నీరు నల్లగా కాకుండా ఇంకా మెరుస్తూ కనిపించవచ్చు. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో, నాసాల రాడార్ ఉపగ్రహం నిసార్‌లో 24 సెంటీమీటర్ల పొడుగు తరంగం కూడా ఉంది. అది ఆకుల గుబురులోకి మరింత లోపలికి చొరబడుతుంది. మీరు పీజీలో చేరేసరికి దాని చిత్రాలతో పని మొదలుపెట్టినవాళ్లు మన జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు.

లెక్కల గురించి భయపడకండి. డిగ్రీలో చదివిన త్రికోణమితి, మాత్రికలు, కాస్త కలనగణితం చాలు. అసలు పట్టు కావలసింది గణాంకశాస్త్రంలో. ఎంత ఖచ్చితంగా మ్యాపు వేశామో చెప్పేది అదే. వంద చోట్ల సరిచూశారు, అందులో 85 వరి, 15 ఇతరాలు అనుకుందాం. ఏమీ చూడకుండా అన్నీ వరే అని రాసినా 85 శాతం సరైనట్టే లెక్క వస్తుంది. మీరు వెతుకుతున్నది ఆ పదిహేనులోని గోగు పంట అయితే ఆ 85 శాతానికి ఏ విలువా లేదు. ఒకే పొలంలో సగం బిందువులతో కంప్యూటర్‌కు నేర్పి, మిగిలిన సగంతో పరీక్షించడం మరో పొరపాటు. పక్కపక్కన ఉన్న మడులు ఒకేలా ఉంటాయి కాబట్టి మార్కులు ఎక్కువ వస్తాయి, వేరే ఊరికి వెళ్తే ఆ మ్యాపు పనికిరాదు. పరీక్షకు వేరే ఊళ్లు పెట్టుకోండి.

కోడింగ్ రాకపోతే ఇప్పుడు మొదలుపెట్టండి. పైథాన్ చాలు. మ్యాపులకు క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. లాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, సెంటినెల్‌వీ ఉచితమే. మన ఉపగ్రహాల చిత్రాలకు ఎన్‌ఆర్‌ఎస్‌సీ (ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి భూనిధి వెబ్‌సైట్ ఉంది. డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ, ఐఐఆర్‌ఎస్, 2007 నుంచి దూరవిద్యగా చిన్న కోర్సులు ఉచితంగా ఇస్తోంది. పీజీకి ముందే వాటిలో ఒకటి రెండు చేసి చూడండి. మీకు నచ్చిందా లేదా అన్నది డబ్బు ఖర్చుకాకుండానే తేలిపోతుంది.

ఎక్కడ చదవాలన్న ప్రశ్నకు ముందు ఒక సంగతి గమనించండి. ఎం.టెక్‌కు సాధారణంగా బీటెక్ గానీ, సంబంధిత ఎం.ఎస్సీ గానీ అడుగుతారు. మీరు బీఎస్సీ కాబట్టి ముందు రెండేళ్ల ఎం.ఎస్సీ చేయాలి. పేరులో రిమోట్ సెన్సింగ్ అని ఉన్న కోర్సే కావాలని పట్టుపట్టకండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం, భూభౌతికశాస్త్రం, వాతావరణ, సముద్ర శాస్త్రం ఉన్నాయి. మీ భౌతికశాస్త్రానికి భూభౌతికశాస్త్రం గానీ, వాతావరణ, సముద్ర శాస్త్రం గానీ బాగా అతుకుతుంది. తర్వాత ఐఐఆర్‌ఎస్‌లో ఎం.టెక్ ఉంది. 1966లో మొదలైన సంస్థ అది, అక్కడి ఎం.టెక్‌కు పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. బొంబాయి ఐఐటీలోనూ, హైదరాబాద్ జేఎన్‌టీయూలోనూ దీనికి ప్రత్యేక కేంద్రాలు ఉన్నాయి. గేట్ పరీక్షలో 2022 నుంచి జియోమాటిక్స్ (భూమి కొలతలు, మ్యాపుల శాస్త్రం) ఇంజినీరింగ్ పేపరు విడిగా వస్తోంది, మీరు రాయాల్సింది అదే. ప్రవేశ అర్హతలు ఏటా మారుతుంటాయి కనుక ఆ ఏడాది ప్రకటన చూసుకోండి. ఏ విభాగానికి వెళ్లినా చేరేముందు గ్రంథాలయంలో పోయినేడు విద్యార్థులు సమర్పించిన ప్రాజెక్టు రిపోర్టులు చూపించమని అడగండి. నాలుగైదు తిరగేయండి. పొలానికి వెళ్లిన ఫొటో, తేదీ, రైతుతో మాట్లాడిన ఆనవాలు ఒక్కదాంట్లోనూ లేకపోతే ఇంకో చోటు చూసుకోవడం మంచిది.

ఉద్యోగాల విషయంలో ఆశ పెట్టి పంపను. ఎన్‌ఆర్‌ఎస్‌సీ, ఇస్రో కేంద్రాలు, రాష్ట్ర అంతరిక్ష ఉపయోగాల సంస్థ వంటి చోట్ల శాశ్వత కొలువులు తక్కువ, పోటీ ఎక్కువ. ప్రాజెక్టుల మీద తీసుకునే ఉద్యోగాలు ఎక్కువ, అవి ఏడాది, రెండేళ్ల గడువుతో ఉంటాయి. హైదరాబాద్, విశాఖ ప్రైవేటు కంపెనీల్లో మొదట దొరికేది చిత్రం మీద రోడ్లూ ఇళ్లూ గీసే పని. అక్కడే ఏళ్లకు ఏళ్లు ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. దాన్ని దాటించేవి రెండే, కోడింగ్, ఒక రంగం మీద గట్టి పట్టు. ఇప్పుడు పంటల బీమాలో అవకాశం పెరుగుతోంది. కేంద్ర పథకంలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి తేల్చడంలో కనీసం 30 శాతం ప్రాధాన్యం సాంకేతిక అంచనాకు ఇస్తున్నారు. జీలుగుకూ వరి మునకకూ తేడా తెలిసిన మనిషి అక్కడ ఎంత అవసరమో మీకు ఇప్పటికి అర్థమై ఉంటుంది. బ్యాంకు పరీక్ష రాయడం తప్పేమీ కాదు. ఇంటి పరిస్థితి మీకే తెలుసు. రాస్తూనే ఎం.ఎస్సీలో చేరినవాళ్లు ఉన్నారు. గణితం రెండింటికీ పనికొస్తుంది.

ఇక మీ నాలుగో ప్రశ్న. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాల్సిన పరిస్థితి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఏ వైపు వెళ్లినా డయాలసిస్‌కు వెళ్లొచ్చే మనుషులు కనిపిస్తారు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందేమో మీరు రాయలేదు, నేను అడగను. ఉపగ్రహంతో కారణం కనిపెట్టలేమమ్మా. బావి నీటిలో ఏం కరిగి ఉందో పైనుంచి తెలియదు. భూగర్భజలం తగ్గుదలను గురుత్వాకర్షణ ద్వారా కొలిచే గ్రేస్ ఉపగ్రహాలు 2002లో వెళ్లాయి. అవి చూసే కనీస ప్రాంతం వందల కిలోమీటర్లు. ఉద్దానం మొత్తం అందులో ఒక మూలకు కూడా రాదు. ఆ చిత్రం తెచ్చి మండలానికి మ్యాపు వేసిన ప్రాజెక్టు మీ ముందుకు వస్తే పక్కన పెట్టండి. ఊళ్లవారీ కిడ్నీ రోగుల సంఖ్యను పచ్చదనంతోనో, ఉష్ణోగ్రతతోనో పోల్చి గీత గీస్తే ఏదో ఒక సంబంధం తప్పక కనిపిస్తుంది. అది కారణం కాదు. భయంలో ఉన్న మనుషులకు తప్పుడు కారణం చెప్పడం కంటే మౌనంగా ఉండటం మేలు.

మరి చేయగలిగింది ఏమీ లేదా అంటే, ఉంది. 1970ల నుంచి ఉన్న లాండ్‌శాట్ చిత్రాలతో ఏ ఊరి నేల ఎప్పుడు తోటగా మారిందో, చెరువులు ఎప్పుడు కుదించుకుపోయాయో వరుస కట్టవచ్చు. ఎండలో ఎక్కువసేపు పనిచేయడం కూడా ఒక అనుమానంగా వైద్యులు పరిశీలిస్తున్నారు. వేసవిలో ఏ తోట నేల ఎంత కాగుతుందో లాండ్‌శాట్ ఉష్ణ చిత్రాల్లో చూడవచ్చు. అది నేల వేడి, మనిషి పీల్చే గాలి వేడి కాదని గుర్తుపెట్టుకుంటే చాలు. అన్నిటికంటే పనికొచ్చేది, నీటి నమూనాలు ఎక్కడెక్కడ తీయాలో ఎంచడం. ఇసుక నేల, పల్లం, తోట, బీల, సముద్రపు ఒడ్డు, ఇలా అన్ని రకాల చోట్లూ సమంగా పడేలా బావులను ఎంచి ఇస్తే, నీటిని పరీక్షించే రసాయన శాస్త్రవేత్తకూ, వైద్యుడికీ చేతికి బలం వస్తుంది. మీ చదువు వాళ్ల చదువుకు తోడుగా నిలబడుతుంది. ఆ ఊళ్ల నుంచి రక్తం, నీరు, మట్టి సీసాల్లో పట్టుకెళ్లినవాళ్లు ఎందరో ఉన్నారు. మీరు ఏం తీసుకెళ్లినా, ఏం తేలిందో, తేలలేదో, తిరిగి వచ్చి ఆ ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పండి.

చేరడానికి ఇంకా నెలలున్నాయి కనుక ఇప్పుడే చేయగల పని ఒకటి చెబుతాను. మీ తోటగానీ, బంధువులదిగానీ ఒక ఎకరం ఎంచుకోండి. సెంటినెల్ చిత్రాలు దొరికే కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైట్‌లో 2018 సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మబ్బు తక్కువగా ఉన్న సెంటినెల్-2 చిత్రాలు వెతికి, తిత్లీకి ముందొకటి, తర్వాతొకటి దింపుకోండి. తర్వాత ప్రతి జనవరికీ ఒకటి. ఆ ఎకరంలోని నలభై పిక్సెళ్లకు సూచిక లెక్కకట్టి కాగితం మీద గీయండి. ఆ 1000 సంగతి మరిచిపోకండి; మళ్లీ తయారుచేసి పెట్టిన పాత చిత్రాల్లోనూ అది కలిసి ఉండవచ్చు, ప్రతి చిత్రం వివరాల్లో చూసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీ నాన్నగారితో కలిసి తోటకు వెళ్లండి. ఏ చెట్టు ఆ రాత్రి పడింది, ఏది తర్వాత ఎండింది, కొత్త మొక్క ఎప్పుడు పెట్టారు, మొదటి కాయ ఎప్పుడు కోశారు, ఆయన చెబుతుంటే తేదీలతో సహా గీత పక్కన రాసుకోండి. గీత ఎక్కడ ఆయన మాటతో కలవలేదో ఆ చోటు గుండ్రంగా చుట్టి నాకు పంపండి, కలిసి చూద్దాం.